భీముడి కుండ

భీముడు ఏడ్చిననాడు ముంచింగిపుట్టు గెడ్డ పొంగి సంతంతా ఒడిశా దాకా కొట్టుకుపోయిందనీ, ఆ ఏడు కొండమీద కాఫీ గింజలు కూడా ఉప్పగా కాశాయనీ చెప్పుకుంటారు. నమ్మినవాడే ముంచేస్తే అరకు జీపుల్లో ఇప్పటికీ "నాకు భీముడి కుండయింది" అంటారు. ఆ మాటకు పుట్టిల్లు కల్లు కోసం జీలుగుచెట్లు గీసే ఈ భీముడే. మెడ ఓ పక్కకు వాల్చి, నోరు విప్పే ముందు గీతకత్తి అంచుని బొటనవేలితో తడిమి చూసుకుంటాడు. రత్నను పెళ్లికి అడగడానికి ఒకనాడు చెట్టు చివర నుంచి తియ్యటి కల్లు దింపాడు. పెళ్లికొడుకు తన నోటితో అడగకూడదు గనుక కుండను నేస్తం కామేష్ చేతికిచ్చి, తాను రత్నవాళ్ల కంచె బయట గొంతుక్కూర్చున్నాడు. పిల్ల ఒక గుక్క తాగితే సంబంధం కుదిరినట్టే. కామేష్ లోపలికెళ్లి ఆ కుండకు తన పేరే చెప్పుకున్నాడు. రత్న తాగింది.

సంతలో ఎవరో ఒకరు కదపక మానరు.

"ఏటి మావా, కుండ నీదని తెలీక తాగేసిందంట గదా పాపం రత్న? నువ్వు గెడ్డ పొంగేలాగ ఏడిసినావంట?"

భీముడు కల్లు వంచడం ఆపకుండానే అంటాడు: "నానేడవనేదు. కంచెకాడున్న నన్ను రత్న సూసింది. సూసే తాగింది."