రామలక్ష్మమ్మ ఎక్కనన్న అంబాసిడర్

కామరాజు జీవితంలో చెప్పుకోదగ్గవి చాలా ఉన్నాయి. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు. బొబ్బిలి దగ్గర పల్లెలో అయిదో తరగతి దాకా చదువుకున్నాడు, ఇరవయ్యో ఎక్కం నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పగలడు. పదిహేడేళ్లు పరాయివాళ్ల బళ్లు తోలి, 1979లో సొంతంగా అంబాసిడర్ కొని టాక్సీగా తిప్పాడు. ఉక్కు ఫ్యాక్టరీ స్థలంలో రోడ్డనేది లేని రోజుల్లో ఇంజనీర్లను ఇసకలో తిప్పి, చక్రం కూరుకుపోకుండా ఇంటికి చేర్చింది అతనే. సింహాచలం ఘాటు రోడ్డు మీద అతని రేడియేటరు ఒక్కనాడూ మరగలేదు.

ఇన్ని గొప్పలున్న మనిషికి 1985లో ఒక్క వెలితి వచ్చి పడింది. ఆ కారు భార్య రామలక్ష్మమ్మ ఎక్కనంది.

అయిదేళ్ల పాటు ముందు సీట్లో ఎడమ పక్కన దర్జాగా కూర్చున్న మనిషే. దసరా వెళ్లిన దగ్గర్నుంచి కారెక్కిన పది నిమిషాలకు తల దిమ్ముగా ఉందనేది, కళ్లు మంటలనేది, దగ్గేది. దిగితే మామూలే. డాక్టరు గుండె, ఊపిరి చూసి ఏ జబ్బూ లేదన్నాడు. శివరాత్రి మర్నాడు సముద్రస్నానానికి ఆమె రిక్షాలో వెళ్లింది. ఆ సంగతి టాక్సీ స్టాండు దాకా పాకింది.

"ఏటి బావా, నీ కారు ఊరందరికీ పనికొచ్చింది గానీ అక్కకి పనికిరాలేదేటి?" అన్నాడు తోటి డ్రైవరు నీలకంఠం. అందరూ నవ్వారు. కామరాజు కూడా నవ్వాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు. ఆ కారు కొన్నదే ఆమె పక్కన కూర్చుంటుందని.

సింహాచలంలో అప్పన్న చందనయాత్ర ఇంక వారం ఉంది.

"అప్పన్న దర్శనానికైనా నా కారెక్కవేటే?" అని అడిగాడు.

"నీ కారెక్కితే అప్పన్న కాడికి కాదు, సరాసరి పైకే ఎల్తాను. నాను బస్సులో ఎల్తాను."

"కారుకేటయిందే?"

"నాకేటి తెలుసు? పొద్దున్న స్టార్టు సేసినప్పుడు కుట్టు మిషను లాగ టకటకమంటాది. సందు మలుపు తిరిగీసరికి ఆ సప్పుడు ఆగిపోద్ది. ముందు అలాగ అనేది కాదు."

"ఇంజను గురించి నాకు సెప్తన్నావేటి!" అని కామరాజు విసురుగా లేచిపోయాడు.

కారు పెట్రోలు ఎక్కువ తాగుతోందనీ, ఆపిన చోట వణుకుతోందనీ గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటరు మరను అప్పటికే మూడుసార్లు తనే తిప్పి చూసుకున్నాడు. కుదరలేదు. చివరికి కోటవీధిలో మొహియుద్దీన్ షెడ్డుకు వెళ్లాడు. ఇద్దరిదీ పాతికేళ్ల స్నేహం. కార్బురేటరు సంగతి చెప్పి, పెళ్లాం మాటలు కూడా నవ్వులాటకు చెప్పాడు.

మొహియుద్దీన్ చేతిలో స్పానరు ఆగింది. "మళ్లీ సెప్పు బావా. సల్లగా ఉన్నప్పుడు టకటక, ఏడెక్కితే లేదు. అంతేనా?"

"అంతే."

"ఈ పూట బండి ఇక్కడ ఒదిలేసి పో. పొద్దున్న సూద్దాం."

తెల్లవారి, చల్లారిన ఇంజన్ను స్టార్టు చేయించి, ఎడమ పక్కన పొగగొట్టం ఇంజన్ను పట్టుకునే మానిఫోల్డు అతుకు వెంట కుంచెతో సబ్బునీళ్లు పూశాడు మొహియుద్దీన్. ఒకచోట టకటక లయకు సరిగ్గా బుడగలు లేచాయి.

"మానిఫోల్డు గాస్కెట్టు పోయింది బావా. పొగ ఎనక్కి పోకుండా ఇక్కడే కారతంది. ఇనుము ఏడెక్కి సాగితే సందు మూసుకుని సప్పుడు ఆగుద్ది గానీ, పొగ పూర్తిగా ఆగదు. పెడళ్ల కాడ కన్నాల్లోంచి లోపలికొస్తాది. నువ్వు కుడి పక్క కిటికీలోంచి తల బయట పెట్టి తోల్తావు. ఎనక సీటోళ్లకి అంత తగల్దు, ముందు ఎడమ పక్క కూసున్న సెల్లెమ్మకే దెబ్బ. ఇటు గాలి లోనికి లాగే పక్క కూడా లీకే, అందుకే వణుకు, పెట్రోలు తాగుడు. నువ్వు కార్బురేటరు తిప్పీ కొద్దీ పొగ ఇంకా ముదిరింది."

మానిఫోల్డు విప్పితే, అతుకులో సందు మూసే పాత గాస్కెట్టు ఒకచోట కాలి, నల్లగా పొడిపొడిగా ఊడింది. మిగతా చోట్ల లక్కజిగురు అట్ట కట్టింది.

"ఈ జిగురు పూసిన మహానుబావుడెవడు?"

దసరాకు సైలెన్సరు గొట్టం పగిలితే విప్పి, వెల్డింగు పెట్టించి, ఆ గాస్కెట్టే జిగురు పూసి మళ్లీ బిగించింది కామరాజే. చూడ్డానికి బాగానే ఉంది, పైగా కంపెనీది, అయిదేళ్లలో ఒక్క సామానూ మార్చలేదని చెప్పుకునే మాట పోకూడదనుకున్నాడు.

"ఒకసారి నలిగిన గాస్కెట్టు మళ్లీ సందు మూయదు బావా. ఇప్పినప్పుడల్లా కొత్తది ఎయ్యాల్సిందే. ఎక్కాలన్నీ వొచ్చు, ఈ ఒక్క ఎక్కం రాలేదా నీకు?"

కొత్తది ఊళ్లో దొరకలేదు. మొహియుద్దీన్ గాస్కెట్టు రేకును మానిఫోల్డు మీద పరిచి, అంచుల వెంట చిన్న సుత్తితో టిక్కు టిక్కుమని కొట్టాడు. అంచు దగ్గర రేకు తనంతట తనే తెగి, కన్నాలన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. ఇనుము వంగిందేమోనని స్కేలు పెట్టి చూసి, నట్లను మధ్యలోంచి రెండు పక్కలకూ కొంచెం కొంచెంగా బిగించాడు. కామరాజు తాళాలకు చెయ్యి చాపాడు.

"ఆగు. ఇంజను కాగి, సల్లారినాక మరోపాలి బిగించాలి. రేపు రా."

ఎన్నడూ ఎవరి మాటా వినని కామరాజు తలూపి నడిచి ఇంటికి వెళ్లాడు.

చందనయాత్ర తెల్లవారుజామున కారు స్టార్టు చేశాడు. రామలక్ష్మమ్మ పట్టుచీర కట్టుకుని, బస్సుకని చిల్లర కొంగున ముడేసుకుని అరుగు మీద నిలబడింది. తల ఒక పక్కకు వాల్చి ఇంజను చప్పుడు విన్నది. కామరాజు ఆమె వైపు చూడకుండా స్టీరింగు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

ఆమె వచ్చి ఎడమ తలుపు తీసింది.

"మిషను కుట్టడం మానీసినాదేటి?"

"నువ్వు సెప్పినావు కదే, మొయిద్దీను బావ సూసినాడు. తప్పు నాదే."

గోపాలపట్నం దాటారు. దగ్గు లేదు. పోర్టు ఆఫీసర్లను ఎక్కించుకున్ననాడు కూడా కామరాజు అంత నెమ్మదిగా తోలలేదు. ఘాటు మొదట్లో రామలక్ష్మమ్మ తల్లో పూలు సర్దుకుని అంది:

"ఆ అద్దం పైకెత్తు. గాలికి పూలన్నీ రాలిపోతన్నాయి."

ఆర్నెల్లలో ఆ కారులో ఆమె కిటికీ మూయమనడం అదే మొదలు. కామరాజు అద్దం ఎత్తాడు. ఆ తరువాత స్టాండులో తన గొప్పలు చెప్పినప్పుడల్లా చివర ఒకటి కలిపేవాడు: "మా ఇంటిది అరుగు మీంచి ఇంజను రోగం కనిపెట్టీసినాది."