డ్రాయింగ్ సార్ బాటిల్ పామ్

మా వీధిలో ఇప్పుడు అడ్రస్ చెప్పడానికి పెద్ద కష్టమేమీ లేదు. "తలకాయ లేని చెట్టు ఉండాదే, దాని పక్కిల్లు" అంటే చాలు, గ్యాస్ సిలిండర్ బండి కూడా నేరుగా వచ్చేస్తుంది. ఆ పక్కిల్లు మాది. ఆ తలకాయ తీసింది నేను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాతైతే టీ గొంతులో అడ్డం పడుతుంది. నాకు మాత్రం నెలన్నర నుంచీ నవ్వనేదే రావడం లేదు.

మదనపల్లెలో మా ఇంటికీ నాగరాజు సార్ ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. సార్ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైనాయన. రిటైరైన రోజు పిల్లలంతా కలిసి ఆయనకు శాలువా కప్పి, కుండీలో చిన్న బాటిల్ పామ్ మొక్క ఇచ్చారట. మీరు చూసే ఉంటారు, అడుగున కడుపు లావుగా, పైన మెడ సన్నగా, నెత్తిన ఐదారు మట్టలు, అంతే దాని సంసారం. సార్ దాన్ని గేటు పక్కన నాటి పన్నెండేళ్లు పెంచాడు.

అయితే ఆ మొక్క మోకాలెత్తు దాటేసరికి ఆయన కళ్లకు పొర కమ్మింది. ఒంట్లో షుగర్ ఉంది, ఆపరేషన్ అంటే భయం, ఈ ఏడాది కాదు వచ్చే ఏడాది అని తోసుకుంటూ వచ్చాడు. చెట్టు నిలువెత్తు అయింది గానీ ఆయనకు అదొక పచ్చటి మబ్బు మాదిరి కనిపించేదట. అందుకే రోజూ పొద్దున్నే దాని కడుపు మీద చెయ్యి పెట్టి, మట్టలు రాలినచోట పడిన గీతల్ని వేళ్లతో తడుముతూ మెడ దాకా పోయేవాడు. ఎన్ని గీతలు పెరిగాయో నాకు లెక్క చెప్పేవాడు. నేను ఊ కొట్టేవాడిని.

కుప్పంలో ఉండే కూతురు చివరికి ఆయన్ని ఒప్పించింది. అక్కడే ఆస్పత్రిలో ఒక కంటికి ఆపరేషన్, మూడు వారాలు కూతురింట్లో విశ్రాంతి. ఆటో ఎక్కే ముందు సార్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"గంగులప్పా, కన్ను వచ్చినాక ఆ చెట్టు బొమ్మ వేసుకోవాలప్పా. మోకాలెత్తున సూసిందే, మళ్లా సూడలేదు. రెండు దినాలకొకసారి రెండు చెంబుల నీళ్లు పొయ్యి, సాలు. మట్ట ఎండినా పీకొద్దు, దానంతటదే రాలతాది. ఇంగేమీ సెయ్యొద్దు."

ఇంగేమీ సెయ్యొద్దు. ఆ రెండు మాటలు చెవిలో వేసుకుని ఉంటే నేనీపాటికి మనిషిలా తిరుగుతుండేవాణ్ని.

నా రోగమేంటో చెప్తాను. నేను పుట్టింది పుంగనూరు పక్కన పల్లెలో, మల్బరీ తోటల మధ్య. ఇప్పుడు టమాటా మండీలో తూకాలు వేస్తున్నా గానీ ఈ చేతులు మాత్రం ఆ తోటలవే. మల్బరీని ఏటా మొదలుకంటా కొట్టేస్తాం. కొట్టిన వారానికి చిగురు, నెలకు గుబురు. కొట్టకపోతే ఆకు ముదిరిపోతుంది, పట్టుపురుగు ముట్టదు. అట్లా పెరిగినవాడికి ఏ చెట్టు చూసినా చెయ్యి దురద. పోయిన ఏడాది మా ఇంటి ముందున్న అరెకా పామ్ పసుపు తిరిగితే దాన్నీ మొదలుకంటా కోశాను. నెలకంతా పిలకలు వేసుకుని గుంపుగా లేచింది. దాంతో నేను పామ్ చెట్ల డాక్టర్‌ని అయిపోయాను.

సార్ పోయిన మూడో రోజు నీళ్లు పోస్తూ చూస్తే బాటిల్ పామ్ మట్టలు కొనలు ఎండి, దుమ్ము పట్టి, వేలాడిపోయి ఉన్నాయి. అయ్యో, ఇన్నేళ్ల తర్వాత కన్ను తెచ్చుకుని వచ్చి ఆయన చూసేది ఈ ముసలి మట్టల్నా అనిపించింది. ఇప్పుడు తల కొట్టేస్తే మూడు వారాలకు లేత మట్టలు తళతళమంటూ ఉంటాయి. చూడండి, నా మనసు ఎంత మంచిదో. చంపేటప్పుడు కూడా మంచి మనసుతోనే చంపాను.

నా భార్య మంజుల గోడకు ఇవతల నిలబడి, "సార్ వద్దని సెప్పినాడు కదా, యాల గెలుకుతావు?" అంది. "నీకు తెలీదు, గమ్మునుండు" అన్నాను. కొబ్బరి చెట్టు తల నరికితే చచ్చిపోతుందని నాకు తెలీదా? తెలుసు. కానీ ఇది కొబ్బరి కాదు కదా, నర్సరీ నుంచి కుండీలో కూర్చుని వచ్చిన షోకు చెట్టు. దీనికి ఆ రూల్స్ ఎందుకుంటాయి అనుకున్నాను. స్టూలెక్కి మా నాయన నాటి మల్బరీ కొడవలితో రెండే వేట్లు వేశాను. కోసినచోట తెల్లగా, లేత కొబ్బరి మాదిరి నిగనిగలాడింది. ఎంత ఆరోగ్యంగా ఉందో అని మురిసిపోయాను కూడా. పైన పేడ ముద్ద పెట్టి, మట్టలు చెత్త బండికి ఎత్తించి, చేతులు దులుపుకున్నాను.

వారం గడిచింది. స్టూలెక్కి చూశాను, చిగురు లేదు. షోకు చెట్టు కదా, నిదానం అనుకున్నాను. పది రోజులైంది. పేడ ఎండి రాలిపోయింది, చీమలు వరస కట్టాయి. పదిహేనో రోజు వేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది. వాసన చూసి స్టూలు మీదే కూర్చుండిపోయాను.

ఫొటో తీసుకుని పుంగనూరు రోడ్డులో ఉన్న నర్సరీకి పరిగెత్తాను. నర్సరీ ఆయన ఫోన్ తీసుకుని, ఫొటోను పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్లీ పెద్దది చేసి చూశాడు. ఎవరు కోసిందని అడిగాడు. మా పక్కింటాయన అన్నాను. అబద్ధం అంత తొందరగా నోటికి వస్తుందని నాకే తెలీదు.

"ఆయన కనబడితే సెప్పప్పా," అన్నాడు. "ఇది కొబ్బరి జాతే. దీని పానమంతా నెత్తిన ఉండే మొవ్వులోనే. ఒకటే మొవ్వు. అది పోతే పక్కన చిగురు రాదు, కింద పిలక రాదు. నీళ్లు పోసినా దండగే."

మరి అరెకా ఎట్లా వచ్చిందని అడిగితే, అది కింద నుంచి గుంపుగా మొలిచే రకం, ఒకటి కోస్తే ఇంకొకటి లేస్తుంది, ఇది ఒంటికాయ మనిషి అని విడమరిచి చెప్పాడు. మనిషి అన్న మాటకు నా ఫోన్ లాక్కున్నాను. బయటికొచ్చి బండి స్టార్ట్ చేస్తుంటే ఫోన్ మోగింది. సార్. ఎల్లుండి పొద్దునకంతా వస్తాను, కన్ను బ్రహ్మాండంగా కనబడుతోంది, చెట్టు ఎట్లుండాది అని అడిగాడు. "బాగుండాది సార్" అన్నాను. అయిపోయింది, ఇక వెనక్కి దారి లేదు.

ఆ రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. నిజం చెప్పేయమంది మంజుల. చెప్పాలనే అనుకున్నాను. కానీ అప్పుడే కన్ను తెచ్చుకున్న మనిషికి మొదట ఏం చూపించాలి, మొండాన్నా? నా వల్ల కాలేదు. రామసముద్రంలో మా బావమరిది కొబ్బరి తోట గుర్తొచ్చింది. లేత మట్టలు ఐదు కోసుకొచ్చి, కత్తెరతో పొట్టిగా, వంపుగా కత్తిరించి, బాటిల్ పామ్ మెడ చుట్టూ నిలబెట్టి, బైండింగ్ వైర్‌తో బిగించి, వైర్ మీద గోనెపట్టీ చుట్టాను. దూరం నుంచి చూస్తే పరవాలేదు. దగ్గరికొస్తే పెళ్లిపందిరి గుంజ.

సార్ ఆటో దిగాడు, కళ్లకు నల్లద్దాలు. ఆ అద్దాలు చూసి నాకు కొంచెం ఊపిరి వచ్చింది. ఆయన ఇంట్లోకి పోలేదు. సంచి కింద పెట్టి నేరుగా చెట్టు దగ్గరికి వచ్చి, అలవాటుగా దాని కడుపు మీద చెయ్యి పెట్టాడు. వేళ్లు ఒక్కో గీత దాటుకుంటూ పైకి పోతున్నాయి. మెడ దగ్గరికి పోయి, గోనెపట్టీ తగిలి, ఆగాయి.

"గాలికి ఊగతాందని కట్టినాను సార్" అన్నాను.

సార్ ఆ పట్టీని చుట్టూ ఒకసారి తడిమాడు. తర్వాత, "మంచి పని సేసినావప్పా" అని లోపలికి పోయాడు. పోతూ పోతూ, మధ్యాహ్నం రెండింటికి కంట్లో చుక్కలు వేసుకుని అరగంట కండ్లు మూసుకుని పడుకోవాలని డాక్టర్ చెప్పినాడని, ఆ టైంలో ఎవరూ పిలవకుండా చూడమని నాకు చెప్పాడు. దేవుడున్నాడు అనుకున్నాను. ఆ అరగంట నాకోసమే పెట్టినట్టుంది.

ఎందుకంటే కొబ్బరి మట్ట కోశాక మూడో రోజుకే వాడిపోతుంది. ఇంక చూడండి నా బతుకు. తెల్లవారకముందే మండీ, మండీ నుంచి రామసముద్రం, రామసముద్రం నుంచి బండికి మట్టలు కట్టుకుని ఇంటికి, సరిగ్గా రెండింటికి గోడ దూకడం, పాత మట్టలు పీకడం, కొత్తవి కట్టడం, మళ్లీ గోడ దూకడం. కట్టినవి జారిపోయాయేమో అని మట్టలు మార్చని రోజు కూడా దూకేవాణ్ని. దారిలో తెలిసినవాళ్లు బండి ఆపి ఎవరింట్లో పెళ్లి అని అడిగేవాళ్లు. ఒకాయన గొంతు తగ్గించి, ఎవరు పోయినారప్పా అన్నాడు. ఆయన అడిగిందే నిజానికి దగ్గర.

పొద్దునపూట సార్ వరండాలో కుర్చీ వేసుకుని, తొడ మీద డ్రాయింగ్ పుస్తకం పెట్టుకుని, చెట్టువైపు తిరిగి పెన్సిల్ కదిపేవాడు. చచ్చిన చెట్టుకు కొబ్బరి మట్టలు పెట్టి, దాన్నొక డ్రాయింగ్ మాస్టారి చేత బొమ్మ వేయిస్తున్నాను. ఇంతకంటే పాపం ఉంటుందా? రోజూ గోడ మీద నుంచి తొంగిచూస్తూ, ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ని. ఆయన తలెత్తి, కొత్త మట్ట ఏమన్నా వచ్చిందా గంగులప్పా అని అడిగేవాడు. వస్తాండాది సార్ అనేవాణ్ని. తర్వాత బాత్‌రూంలోకి పోయి తల గోడకు ఆనించి నిలబడేవాణ్ని. అద్దంలో చూసుకోవడం కూడా మానేశాను.

ఎనిమిదో రోజు ఆదివారం. సార్ గోడ దగ్గరికొచ్చి, మంజులమ్మను కూడా పిల్చుకుని రమ్మన్నాడు. పోయాం. ఆయన నల్లద్దాలు తీసి పక్కన పెట్టి, పుస్తకం నా చేతికిచ్చాడు.

మొదటి పేజీలో చెట్టు. కడుపు, గీతలు, మెడ, మెడకు గోనెపట్టీ, పట్టీ కింద నుంచి బయటికొచ్చిన వైర్ మెలికలు. మట్టలు లేవు. మట్టలు ఉండాల్సినచోట తెల్ల కాగితం.

రెండో పేజీలో నేను. గోడ మీద నుంచి కోడిలా మెడ చాచి తొంగిచూస్తున్నాను. మూడో పేజీలో నేను, ఒక కాలు గోడకు ఇవతల, ఇంకో కాలు అవతల, పళ్లతో కొబ్బరి మట్ట పట్టుకుని. నాలుగో పేజీలో వైర్ గుచ్చుకుని వేలు నోట్లో పెట్టుకున్నాను. పుస్తకం నిండా నేనే. ఒక ఇంట్లో దొంగతనం చేసి, మరుసటిరోజు అదే ఇంటికి కుశలం అడగడానికి వచ్చినవాడి మొహం. మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు.

"సార్, మీరు రెండింటికి చుక్కలు..." అన్నాను.

"సుక్కలు ఏసుకునేది పన్నెండింటికప్పా. రెండింటికని నీకు సెప్పింది, నువ్వు ఎప్పుడొస్తావో తెలుసుకోని కిటికీలోనుంచి సూసేదానికి." ఆయన చెట్టువైపు చూశాడు. "ఇన్నేండ్లు తడిమిన మెడ. నా వేళ్లకు తెలీదా? ఆటో దిగిన పొద్దే తెలిసింది."

వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చాను. నలభై ఆరేళ్ల మనిషిని, మండీలో నా గొంతుకు హమాలీలు ఉలిక్కిపడతారు, అట్లాంటివాణ్ని ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆ పొద్దే రెండు తిట్లు తిట్టి ఉంటే సరిపోయేది కదా సార్ అన్నాను.

"తిట్టేద్దామనే అనుకున్నా. తిడితే నువ్వు పోయి ఇంట్లో కూసుంటావు. కన్ను తెచ్చుకోని వస్తే, ఈడ సూసేదానికి నాకు ఇంగేముండాది?" పుస్తకం నా చేతిలోంచి తీసుకున్నాడు. "చెట్టు బొమ్మ వేసుకోవాలని వచ్చినా. అది లేదు. నువ్వున్నావు. చేతికి పనైతే దొరికింది."

ఆయన కోపంతో అన్నాడా, బాధతో అన్నాడా, నవ్వుతూ అన్నాడా, ఇప్పటికీ నాకు తేలలేదు. మూడూ ఉన్నాయేమో.

మరుసటి రోజే నర్సరీకి పోయి మోకాలెత్తు బాటిల్ పామ్ ఒకటి తెచ్చిచ్చాను. మీ పక్కింటాయనకు బుద్ధి వచ్చిందా అని అడిగాడు నర్సరీ ఆయన. వచ్చిందన్నాను. సార్ దాన్ని పాత మొండం పక్కనే నాటుకున్నాడు. నీళ్లు కూడా తనే పోసుకుంటాడు. ఆయన నీళ్లు పోసేటప్పుడు నేను గోడకు మూడడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. అది రూలు. నిలువెత్తు కావడానికి ఇంకో పదేళ్లన్నా పడుతుంది. సార్‌కు ఇప్పుడు డెబ్బై. ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు ముద్ద దిగదు.

మంజుల ఊరికే ఉంటుందా? కొడవలిని పల్లెకు పంపించేసింది. సార్ దగ్గర ఆ మూడో పేజీ అడిగి తెచ్చుకుని, ఫ్రేమ్ కట్టించి, కొడవలి తగిలించే మేకుకే తగిలించింది. పళ్లతో కొబ్బరి మట్ట పట్టుకుని గోడ మీద కూర్చున్న నేను. రోజూ మండీకి పోయే ముందు దేవుడి పటం కంటే ముందు నాకు అదే కనిపిస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం ఎంత బాగా వేశారో అని మెచ్చుకుని, ఇంతకీ ఆ కోతి ఎవరని అడుగుతున్నారు.