గోదావరి మీద తడకల బాట

దేశానికీ దేశానికీ మధ్య ఒప్పందాలు కుదిరాయనీ, వంతెనలు కడుతున్నారనీ పేపర్లో చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. వాళ్ళకు పెద్ద పెద్ద మేజాలు, మెత్తటి కుర్చీలు, మధ్యలో దుబాసీలు ఉంటారు. మాకు ఇద్దరు మొండి వియ్యంకులు, ఒక ఎడ్లబండి, ఆ బండిలో నిండు కడుపుతో నేను. అయినా మా ఒప్పందం కుదిరింది.

నేను కాపురానికి పోయింది పరదేశం. ఓడ ఎక్కి పోలేదు. మా పుట్టింటి వెనక గడ్డ మీద నిలబడితే మా అత్తగారి ఊరి పొయ్యిల పొగ కనిపించేది. మధ్యలో ఉన్నది గోదావరి. మా ఊరు కాళేశ్వరానికి దిగువన, నైజాం రాజ్యంలో ఉండేది. ఆ ఒడ్డు సిరొంచ దిక్కు, అది వేరే సర్కారు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక యూనియన్ అనడం మొదలుపెట్టారు. మాటా తిండీ దేవుళ్ళూ మాత్రం రెండు ఒడ్లకూ ఒకటే.

వానకాలం పడవల మీద రాకపోకలు. ఎండాకాలం వచ్చేసరికి నది ఒక సన్నటి పాయగా మిగిలి, చుట్టూ అంతా ఇసుకే. పడవ సాగదు. బండి దిగితే ఇరుసుదాకా కూరుకుపోతుంది. అందుకని ప్రతి ఏడూ శివరాత్రి దాటాక రెండు ఒడ్లవాళ్ళూ కలిసి ఇసుక మీద బాట వేసేవాళ్ళు. కింద రెల్లు పరిచి, దాని మీద వెదురు తడకలు వేసి, పైన తడిమట్టి మెత్తేవాళ్ళు. సగం బాట ఈ ఒడ్డువాళ్ళది, సగం ఆ ఒడ్డువాళ్ళది. రెండూ వచ్చి పాయ దగ్గర కలిసేవి. కలిసిన రోజున మొదటి బండి పుట్టింటికి వచ్చే ఆడబిడ్డది కావాలి. అది దాటేదాకా వడ్ల బండి అయినా, దొర బండి అయినా ఒడ్డున ఆగాల్సిందే. ఇంత మంచి కట్టుబాటు ఏ సర్కారూ పెట్టలేదని నేను ఇప్పటికీ అంటాను.

ఇక వియ్యంకుల సంగతి. నా పెళ్ళినాడు మేకపోతు తలకాయ కూర వండారు. అది వియ్యంకుడికి, అంటే మా మామకు, వడ్డించాలి, అదే మర్యాద. అయితే మా ఒడ్డున నైజాం సుంకం నాకా ఒకటి ఉండేది. దాని జమేదారు పిలవకుండానే వచ్చి పంక్తిలో ముందు కూర్చున్నాడు. మా బాపు, అంటే మా నాన్న, అతనికి భయపడి కూర గిన్నె అటు జరిపాడు. జమేదారు ఇష్టంగా తిన్నాడు, ఎంత ఇష్టంగా అంటే మా మామ విస్తరి ముందుకు వచ్చేసరికి గిన్నెలో పులుసు తప్ప ఏమీ లేదు. మా మామ ఆ పులుసు వంక చూసి, విస్తరి ముందు నుంచి లేచాడు. నైజాంలో తనకంటే పెద్ద వియ్యంకుడు దొరికాడు గదా అని ఒక్క మాట అన్నాడు. ఆనాటి నుంచి మా గడప తొక్కలేదు. బాపు కూడా ముఖం గంటు పెట్టుకున్నాడు. కోపంతో కాదు, సిగ్గుతో. మగవాళ్ళకు ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

నేను మొదటి కాన్పుకు పుట్టింటికి పోవాల్సిన ఏడు వచ్చింది. అప్పటికి రెండు రాజ్యాలకూ చెడింది. జనగామ దిక్కు నైజాం మీద సంఘపోళ్ళు లేచారనీ, ఊళ్ళమీద దాడులు జరుగుతున్నాయనీ కబుర్లు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, రఘునాథపల్లి దిక్కున ఒక తమ్ముడు ఉండేవాడు. ఆ గడబిడలో అతను అడవి దారిన వచ్చి మా ఇంట్లో తలదాచుకున్నాడు. పోలీసు జీపులు ఊళ్ళోకి రాకుండా రాత్రికి రాత్రి బాటలు తవ్వడమే అతని పని అప్పటిదాకా. మా ఒడ్డున జమేదారు డప్పు కొట్టించాడు, ఈ ఏడు బాట కలపొద్దని. ఆ ఒడ్డున పోలీసులు కూడా అదే మాట చెప్పిపోయారు. అన్నింట్లో కొట్లాడుకునే రెండు సర్కార్లూ నా కాన్పు దగ్గరికి వచ్చేసరికి ఒక్కమాట మీద నిలబడ్డాయి.

మా అత్త నా పెళ్ళికి ముందే పోయింది. ఇంట్లో అంతా మగవాళ్ళే. నా పెనిమిటి అడవి కూపులో టేకు నరికించే పని మీద ఉన్నాడు. మంత్రసాని ఉంది, చుట్టుపక్కల ఆడవాళ్ళూ ఉన్నారు. కానీ నాకు మా అవ్వ కావాలి. ఆ మాట చెప్పడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. పగలంతా పెత్తనం చేసేదాన్ని, పొద్దుగూకాక గడ్డ మీదికి పోయి మా ఊరి దిక్కు చూస్తూ ఏడ్చేదాన్ని.

మామను బాట వెయ్యమంటే, మీ బాపు నోరు తెరిచి అడిగితే వేస్తాననేవాడు. ఆ మాట చేపలు పట్టేవాళ్ళు అటు మోసుకుపోయేవాళ్ళు. బాపు దగ్గర నుంచి తిరుగు కబురు, కోడలు వాళ్ళది, వాళ్ళే అడగాలి అని. పాపం ఆ చేపలవాళ్ళు ఇద్దరి మాటలకూ ఇంత తేనె పూసి చెప్పేవాళ్ళు. అయినా ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు.

కానీ ఇద్దరికీ లోపల గుబులే. సర్కారుకు తెలియకుండా, ఎదుటివాడికి అసలే తెలియకుండా, ఇద్దరూ ఎవరి బాట వాళ్ళు వెయ్యడం మొదలుపెట్టారు. మా మామ తమ ఒడ్డు రేవు నుంచే మొదలుపెట్టి, ఎప్పటిలా మా పుట్టింటి పాత రేవుకు గురిపెట్టి వేయించాడు. బాపు మాత్రం నాకాకు కనిపించకుండా బాటను ఎగువకు జరిపి, అక్కడి నుంచి తిన్నగా వేయించాడు. వియ్యంకుడికి కూడా బుద్ధి ఉంటుంది, పోలీసుల కళ్ళపడకుండా ఆయనా ఎగువకే జరుపుతాడని బాపు లెక్క. ఒక్క కబురు పంపితే సరిపోయేది. పంపితే అడిగినట్టు అవుతుంది, అడిగితే తగ్గినట్టు అవుతుంది. అందుకని పంపలేదు.

ఒక పొద్దున మామ బండిలో మెత్తగా గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి నన్ను కూర్చోబెట్టాడు. తన బాట చివరిదాకా తోలి, అక్కడ పగ్గాలు మా వాళ్ళ చేతికిచ్చి వెనుదిరగాలని ఆయన ఆలోచన. వెంట ఊరివాళ్ళు నడిచారు. పాయ ఇంకా కొంత దూరం ఉందనగా బాట అయిపోయింది. ఎదురుగా ఏమీ లేదు. ఎగువన చాలా దూరంలో, పాయకు అవతల, ఇంకొక బాట చివర బాపు తన మనుషులతో నిలబడి ఉన్నాడు. మామ బండి కట్టడం చూసి చేపలవాళ్ళు ముందే అటు కబురు మోసినట్టున్నారు. రెండు బాటలూ ఒకదాన్నొకటి చూసుకోకుండా, అలిగిన తోడికోడళ్ళలాగా, చెరో దిక్కు తిరిగి ఆగిపోయాయి.

బాపు తన మనుషులతో సహా పాయ దాటి ఇసుకలో పరుగులాంటి నడకతో మా బండి దగ్గరికి వచ్చాడు. మామ అతని ముఖం చూడలేదు. ఈ బాట ఎటు పోతున్నదో మీ బాపును అడుగు అన్నాడు నాతో. పాత రేవు మీద నాకా ఉన్న సంగతి యాదిలేదా అని మీ మామను అడుగు అన్నాడు బాపు, అదీ నాతోనే. కాసేపు అటు మాట ఇటు, ఇటు మాట అటు అందించాను. ఎండ ఎక్కుతున్నది. నాకు ఒళ్ళు మండింది.

"నేను కడుపు మోస్తున్న. మీ మాటలు గూడ నేనే మొయ్యాల్నా? మీకు నోర్లు లేవా?" అన్నాను.

ఇద్దరూ తలలు దించుకున్నారు. మామ ముందు అంతకు మునుపు నేను అంత గొంతెత్తింది లేదు. అదేంటో, చాలా హాయిగా అనిపించింది.

అప్పుడు మా రఘునాథపల్లి మామ, అదే బాపు వెంట వచ్చిన మా అవ్వ తమ్ముడు, బాట చివర గొంతుక్కూర్చుని తడక ఒకటి లేపి చూశాడు.

"బాట తవ్వుడు నాకు మంచిగ ఎరుకే బావా. బండి దాటినంక ఎనకది తవ్వి ముందల ఏద్దాం. ఏసుడు గూడ గిట్లనే నేర్చుకుంట" అన్నాడు బాపుతో.

ఎవరో ఫక్కున నవ్వారు. తరువాత అందరూ నవ్వారు. నవ్వు ఇంకా ఆగకముందే పని మొదలైంది. బండి చక్రాల వెనక తడకలు లేపడం, పరుగెత్తుకుంటూ వచ్చి ఎద్దుల ముందు పరచడం. ఆ ఒడ్డువాళ్ళు ఒక పక్క, ఈ ఒడ్డువాళ్ళు ఒక పక్క. ఆడవాళ్ళు కొంగులు నడుముకు చుట్టి రెల్లు మోశారు. బండి నడిచిన మేరకు బాట కూడా బండితోపాటు నడిచింది. నేను గడ్డి మీద కూర్చుని అటు జరపండి, ఇటు జరపండి అని హుకుములు జారీచేశాను. అంత దర్జా నాకు పెళ్ళినాడు కూడా దక్కలేదు.

పాయ దగ్గరికి వచ్చేసరికి జమేదారు గొడుగు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. బాపు ముఖంలో నెత్తురు లేదు. బండిని వెనక్కి పంపితే నేను మళ్ళీ ఆ ఒడ్డునే. జమేదారు నన్ను చూశాడు, మా మామను చూశాడు. మామను చూసినప్పుడు అతనికి తలకాయ కూర యాదికొచ్చిందని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే మీసం మీద చెయ్యి వేసి తుడుచుకున్నాడు. తరువాత బండి వెనక్కి చూశాడు. అక్కడ ఇసుక మీద అడుగులే తప్ప బాట లేదు.

"రెండు బాటలు కలువొద్దని హుకుం. కలిసినయా? కలువలే. ఇగ నాకేం పని ఈడ?" అని, గొడుగు తిప్పుకుంటూ నాకా దిక్కు నడిచాడు.

పాయలో నీళ్ళు మోకాలి లోతు. ఎద్దులు తాగినంతసేపు తాగి కదిలాయి. చక్రాలు బాపు వేసిన బాట ఎక్కగానే ఈ ఒడ్డు ఆడవాళ్ళందరూ ఒక్కసారి కేక పెట్టారు. బాట ఆ కొసన, గడ్డ మీద మా అవ్వ కనిపించింది. నెత్తి మీద కొంగు కూడా లేకుండా ఎండలో నిలబడి ఉంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ సంతోషం ఇంత అని చెప్పడం నా వల్ల కాదు.

అప్పుడు మామ పగ్గాలు బిగించి బండి ఆపాడు. ఇక్కడికి తన పని అయిపోయిందన్నట్టు పగ్గాలు మా అవ్వ తమ్ముడికి ఇచ్చాడు. ఎద్దులు ఒక్క అడుగు వెయ్యలేదు. మామ చేతి ఎద్దులు, ఇంకొకరి మాట వినవు. వాటిని పరాయి ఊళ్ళో వదిలి నడిచిపోయే మనిషి కాదు ఆయన. పోనీ బండి తిప్పుకుని పోదామని వెనక్కి చూశాడు. పాయకు అవతల పరిచిన తడకలన్నీ అప్పటికే మా వాళ్ళ బండ్ల మీదికి ఎక్కాయి. ఆయన వేసిన బాట కొసదాకా ఉత్త ఇసుక. మా మామ మీసం కొస నములుతూ అట్లాగే నిలబడ్డాడు.

బాపు దగ్గరికి వచ్చి ఎద్దు మూపు మీద చెయ్యి వేశాడు. పెళ్ళినాటి తరువాత మొదటిసారి తిన్నగా ఆయన ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"ఎనక బాట లేదు బావా. ముందల ఇల్లున్నది. నీ పేరు మీద పెళ్ళినాటి సంది మేకపోతును సాదుతున్న. ముసలిదైతున్నది, ఇగ రా."

మామ పగ్గాలు తీసుకుని ఎద్దులను అదిలించాడు. కొంత దూరం పోయాక, జమేదారును కూడా పిలుస్తావా అని అడిగాడు. పిలుస్తాను గానీ నీ విస్తరి లేచాకే అన్నాడు బాపు. అట్లాగే జరిగింది. ఆ కూర ఉడకడానికి మా అవ్వ కట్టెలన్నీ అయిపోయాయి, మేకపోతు అంత ముదిరిపోయింది. మామ మాత్రం బొక్కలు కూడా నమలకుండా వదల్లేదు.

ఆ తరువాత రోజూ పొద్దున మామ, బాట ఎప్పుడు వేయిస్తావు బావా అని అడిగేవాడు. మనుషులు దొరకడం లేదని బాపు చెప్పేవాడు. మనుషులు వాకిట్లోనే కూర్చుని ఇద్దరితో పాటు చుట్ట కాల్చుకుంటూ ఉండేవాళ్ళు. అట్లా అడుగుతూ, చెప్పుకుంటూ ఉండగానే నాకు నొప్పులు వచ్చాయి, ఆడపిల్ల పుట్టింది. మా అవ్వ బిడ్డను తెచ్చి ముందు మామ చేతుల్లోనే పెట్టింది. ఆయన చాలాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

పురుడు వెళ్ళాక బాపు నిజంగానే మనుషులను పిలిచి, మాట ప్రకారం బాట వెయ్యడానికి పెరట్లోకి పోయాడు. ఆనాడు బండ్ల మీంచి అక్కడ దించిన తడకల కట్ట లేదు. మామ తెల్లవారకముందే లేచి ఆ తడకలన్నింటితో మనుమరాలి ఉయ్యాల మీదికి పందిరి వేసి, ఆఖరి ముడి వేస్తున్నాడు.

"గిప్పుడు బాటెందుకు బావా" అన్నాడు వెనక్కి తిరగకుండానే. "వానలు పడనియ్యి. పడవల పోత."