స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో దొరికిన కవయిత్రులు

శనివారం ఉదయం అడిలైడ్‌లో విమానం ఎక్కాను. అక్కడే మాసన్ లేక్స్‌లో ఉంటూ పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆస్ట్రేలియాలో తెలుగు కవిత్వం రాసే స్త్రీలు నా అంశం. ఏడాదైనా ఒక్కరూ దొరకలేదు. ఎవరికి ఫోన్ చేసినా, "అబ్బే, నేను కవయిత్రినేంటమ్మా" అనేవారు. వచ్చే నెల సమీక్షలోగా ఎవరినైనా చూపించకపోతే అంశం మార్చుకోమన్నారు మా గైడ్. చివరికి బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉండే విజయ ఆంటీ, రిటైరైన డాక్టరు, "కవిత్వం సంగతి తెలీదు కానీ లంచ్‌కి రామ్మా, ఫ్రెండ్స్ కూడా వస్తారు" అన్నారు.

బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి వచ్చే రైలు టికెట్ ఖరీదెక్కువ. సెంట్రల్ స్టేషన్‌లో రైలు మారాక స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా యాభై సెంట్లే. పక్క సీటాయనది కరీంనగర్, ఐటీ ఉద్యోగం. నా ఫోన్ మాటలు విని పలకరించాడు.

"పోయెట్రీల పీహెచ్‌డీనా? దాంతోని ఈడ్నే ఉండిపోనీకి పీఆర్ వస్తదా మరి?"

నవ్వాను గానీ గుబులు పోలేదు.

స్టేషన్‌కి ఆంటీయే కారులో వచ్చారు. పెరట్లో అంకుల్ బార్బెక్యూ పొయ్యి మీద చికెన్ కాలుస్తున్నారు. ఆంటీ స్నేహితురాళ్లు ముగ్గురు అప్పటికే వచ్చి ఉన్నారు. భోజనాలయ్యాక, మీరు రాస్తారా అని అడగబోయి ఆగాను.

"ఎప్పుడైనా అనుకున్నవి ఉంటే ఒకటి వినిపిస్తారా?"

ఆంటీ కంచం పక్కన పెట్టి, కాగితం లేకుండానే చెప్పారు.

"ఎందరికో పురుళ్లు పోశాను,
తొలి ఏడుపులన్నీ విన్నాను.
నా ఏడుపు మాత్రం
కారు అద్దాలు ఎత్తాకే."

"వచ్చిన కొత్తలో సిటీకి దూరంగా కంట్రీ టౌన్‌లో డ్యూటీ అమ్మా. డ్రైవింగ్‌లో అల్లుకునేదాన్ని" అన్నారు.

ఆ ముగ్గురిలో చైల్డ్‌కేర్‌లో పనిచేసే మాధవి గారు మెల్లగా ఫోన్ తీశారు. "నేను తెలుగులో పిలుస్తాను, నువ్వు ఇంగ్లీషులో పలుకుతావు. పలుకుతావు కదా, అది చాలు" అని చదివారు. పక్కనే ఉన్న పదిహేనేళ్ల కూతురు తలెత్తింది.

"అమ్మా, ఇట్స్ అబౌట్ మీ?"

"మరెవరి గురించే?"

"రీడ్ ఇట్ అగైన్."

మాధవి గారు మళ్లీ చదివారు, ఈసారి కాస్త గట్టిగా. టీ వేళకి మిగతా ఇద్దరూ గొంతు విప్పారు. పేర్లు రాసుకోవచ్చా అని అడిగాను.

"పూర్తి పేరు రాయి. విజయలక్ష్మి. ఇక్కడందరూ విజ్ అని కోసేశారు" అన్నారు ఆంటీ.

రాత్రికి అక్కడే ఉండిపోయి, ఆదివారం మధ్యాహ్నం తిరుగు విమానం అందుకున్నాను. అంశం మార్చడం లేదని గైడ్‌కి మెసేజ్ పెట్టాను. నాలా వెతుక్కుంటూ వెళ్తే, మీరు కవయిత్రులా అని అడగకండి. ఒకటి వినిపించమనండి. వినడానికి మనిషి లేకనే వాళ్లు ఇన్నాళ్లూ కవయిత్రులం కామన్నారు.

విమానం లేవకముందే నిద్ర పట్టేసింది. అడిలైడ్‌లో దిగాక పక్కావిడ తట్టి లేపింది.