అక్కని కాస్తా మేడమ్ గారినయ్యాను

నాకు రాయడం ఇదే మొదటిసారి. ఐదో తరగతి వరకే చదివాను, ఒత్తుల దగ్గర తడబడతాను. తప్పులుంటే ఏమీ అనుకోవద్దు.

నేను ధవళేశ్వరం చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్ళ పేటల్లో తిరిగే సోషల్ వర్కర్ని. తాగుడు మాన్పించడం, పింఛను కాగితాలు రాయించడం నా పని. పోయినేడు మా సోషల్ వర్కర్ల సంఘానికి నన్ను ప్రెసిడెంటుని చేశారు. దానికి జీతం ఉండదు. అయినా పొంగిపోయాను.

మా మీటింగుల్లో మధ్యాహ్నం అందరం చాప మీద కూర్చుని కూరలు పంచుకుని తింటాం. ప్రెసిడెంటునయ్యాక మొదటి మీటింగులో నా క్యారేజీ పట్టుకుని చాప దగ్గరికి వెళ్ళేసరికి ఒకమ్మాయి లేచి నిలబడింది. ఆమెకు పని నేర్పింది నేనే.

"మీకు అటు కుర్చీ, టేబులు వేశామండి, మేడమ్ గారూ."

"మేడమేంటే? మొన్నటిదాకా అక్కా అక్కా అంటూ నా చేపల పులుసంతా నువ్వే ఊడ్చేసేదానివి కదా!"

"అప్పుడంటే అప్పుడండి. ఇప్పుడు అక్కా అంటే బాగోదు కదండీ."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి చాప మీదే కూర్చున్నాను. అంతే, మాటలు ఆగిపోయాయి. అప్పటిదాకా మొగుళ్ళని వెక్కిరిస్తూ గోల చేస్తున్నవాళ్ళు తలలు వంచుకుని తిన్నారు. నా పులుసు ఎవరూ అడగలేదు. తర్వాతి మీటింగు నుంచి నేనే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంటున్నాను.

ఇప్పుడు పదవి అయిపోవచ్చింది. మళ్ళీ మీరే ఉండాలని అడిగితే వద్దన్నాను. దిగిపోయాకైనా అక్కా అంటారో, మాజీ ప్రెసిడెంటు గారూ అంటారో అని భయంగా ఉంది.

చదివినవాళ్ళు నా తప్పుల్ని మీరే దిద్దుకుని, పెద్ద మనసుతో క్షమించండి.