కుడిపక్క దారి నేర్పిన రాయుడన్న

వాన వెలిసిన పొద్దున మునిసిపాలిటీ వాళ్ళు మా వీధి కాలువ గట్టున సున్నం చల్లి పోయారు. తడినేల మీద పడిన ఆ సున్నం వాసన ఘాటుగా ముక్కుకు తగిలేసరికి వాకిట్లో అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్ళయినా ఆ వాసనకు నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే. పేరు చెంగల్రాయుడు. మేమంతా రాయుడన్న అనేవాళ్ళం.

డెబ్బయ్యో దశకం చివర్లో తిరుపతి నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కువైట్‌కు డ్రైవర్లుగా పోవడం మొదలైంది. అక్కడ బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి, స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. ఆ తేడా నేర్పే మనిషి మా వైపు రాయుడన్న ఒక్కడే. కొన్నేళ్ళు అక్కడ బండి తోలి వచ్చినవాడు. స్వర్ణముఖి ఒడ్డున గట్టినేల మీద సున్నంతో రోడ్లు, మలుపులు, గుండ్రటి సర్కిలు గీసి, తన పాత అంబాసిడర్‌లో మమ్మల్ని కుడిపక్కనే తిప్పేవాడు. తను మాత్రం ఎన్నడూ స్టీరింగు ముట్టేవాడు కాదు. నేను అప్పటికే నాలుగేళ్ళుగా తిరుమల ఘాట్ రోడ్డులో టాక్సీ తోలుతున్నాను. వీసా వచ్చాక మా నాయన పోరు పడలేక ఆయన దగ్గరికి వెళ్ళాను గానీ, నాకు నేర్పడానికి ఏముందన్న పొగరు ఒంటినిండా ఉండేది.

మొదటిరోజే అది కనిపెట్టాడు. "కొండకు తోలినోడివి గదా, బయమెందుకుంటాది నీకు?" అన్నాడు నవ్వకుండా. "బయం లేనోనికే నేను శానా సెప్పల్ల."

చెప్పాడు కూడా. సర్కిల్లో బండ్లు ఎడమపక్క నుంచి వస్తాయి, ముందు అటు చూడాలి. నడిచి రోడ్డు దాటినా అంతే. ఇసుక గాలి లేస్తే బండి పక్కకు తీసి ఆపేయాలి. బండిలో ఎప్పుడూ తాగేనీళ్ళు ఉండాలి. ఎవరికైనా తగిలితే పారిపోకూడదు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఇవన్నీ గబగబా చెప్పేవాడు. ఒక్కటి మాత్రం నిదానంగా, ప్రతిరోజూ చెప్పేవాడు.

"మొదటి దినం నీకేం గాదబ్బా. బయంతో ఒళ్ళు దగ్గిర పెట్టుకుంటావు. అలవాటైనాక ఉండాది కష్టం. ఎదర ఒక్క బండి గూడా లేని రోడ్డు మీద, యాడో ఆపి మళ్ళా కదిలిస్తావే, అప్పుడు సెయ్యి దాని పాత పక్కకే పోతాది."

ఒకరోజు నాకు విసుగొచ్చింది. "అంత మతిలేనోడు ఎవడుంటాడన్నా? తాను పోయే పక్క తనకు తెలీకుండా పోతాదా?" అనేశాను. ఆయన కారు దిగి, చెరగని గీత మీదే మళ్ళీ సున్నం పోసుకుంటూ పోయాడు.

చివరిరోజు నాచేత పుత్తూరు మీదుగా కార్వేటినగరం దాకా తోలించాడు. పాత కోటగోడ వెనక ఒక చిన్న ఇంటి ముందు ఆపమన్నాడు. ఒక ముసలామె బయటికొచ్చింది. ఆయన చెప్పులు విడిచి వీధిలోనే నిలబడ్డాడు. ఆమె నాకు అరుగు మీద చోటు చూపించి, మంచినీళ్ళిచ్చింది. ఆయన వైపు చూడనైనా లేదు.

"కువైట్‌కేనా నాయనా? జాగర్తగా తోలు. నీ పక్కన కూసునేవానికీ ఒక తల్లి ఉంటాది" అంది.

తిరుగుదారిలో పుత్తూరు దాటాక రాయుడన్న చెప్పాడు. "ఆయమ్మ కొడుకు మునస్వామి. ఇద్దరం ఒకే వీదోళ్ళం, ఒకే తూరి కువైట్‌కు పోయినాం. ఆపొద్దు పెట్రోలు పట్టించుకొని బంకులోంచి బయటికి తిప్పినాను. రోడ్డు కాళీ. ఎడమపక్క పోతాండానని నాకు తెలీనే తెలీదు. మలుపులో లారీ. వాడు నా పక్కన కూసోనుండాడు."

అక్కడి జైలు నుంచి వదిలాక నేరుగా ఆ ఇంటికే వచ్చాడట. "మతి లేదా నీకు, ఏ పక్క పోతాండావో తెలీలేదా అనింది ఆయమ్మ. అంతే, మళ్ళా నాతో మాట్లాడలే. కువైట్‌కు పోయే ప్రతివాణ్ణీ ఒకతూరి తెచ్చి సూపిస్తా. ఆయమ్మ వద్దనలే." నా వైపు తిరిగి, "నువ్వు గూడా అదే అడిగితివి గదా మొన్న. దానికి నా దగ్గిర జవాబు లేదబ్బా" అన్నాడు.

తప్పయిందన్నా అనాల్సింది. గేరు మార్చి బండి ముందుకు పోనిచ్చాను.

కువైట్‌లో మూడో ఏడు. ఎండ మండే మధ్యాహ్నం యజమాని పిల్లల్ని బడి నుంచి తీసుకొస్తూ రొట్టెల అంగడి ముందు ఆగాను. మళ్ళీ కదిలాక ఎదురుగా ఒక కారు నా మీదికే రావడం చూసి, వీడికేమైనా పిచ్చా అనుకున్నాను. ఎడమపక్కన ఉన్నది నేనే. ఆఖరిక్షణంలో కుడికి తిప్పాను. వెనక పిల్లలు కబుర్లాడుకుంటూనే ఉన్నారు. నేను బండి పక్కకు తీసి ఆపాను. రాయుడన్న దగ్గర లేని జవాబు ఆ రోజు నాకు దొరికింది. ఆయన మతిలేనివాడు కాదు. ఎవరికైనా అయ్యేదే.

ఆ వారమే జరిగింది చెబుతూ ఆయనకు ఉత్తరం మొదలుపెట్టాను. రెండు పంక్తులు రాసేసరికి తిరుపతి టాక్సీ స్టాండులో నా తోటివాళ్ళు అది విని నవ్వుతున్నట్టు అనిపించింది. చించేశాను. ఇంకొకటి రాసి పంపాను: "బండి బాగా తోలుతున్నాను. మీరు చెప్పిన పొరపాటు నాకు ఒక్కసారి కూడా జరగలేదు."

మరుసటేడు సెలవుకొచ్చేసరికి ఆయన లేడు. ఎండాకాలంలో గుండెనొప్పితో పోయాడు. "నీ జాబు అందరికీ సదివి ఇనిపించేవాడబ్బా" అంది ఆయన భార్య. "సూస్తివా, అట్లాంటి పని సేసింది నేనొక్కణ్ణే అనేవాడు."

నేరుగా బస్సెక్కి కార్వేటినగరం పోయాను. రొట్టెల అంగడి, ఎదురొచ్చిన కారు, నేను రాసిన అబద్ధం, అన్నీ ఆ ముసలామెకు చెప్పాను. 

"ఈ మాట రాయుడుండంగా సెప్పుంటే, ఒక్కతూరి పలకరించుందును గదా నాయనా" అంది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి రెండు దేశాల్లో బండి తోలాను. ఎవరికీ చిన్న దెబ్బయినా తగలనివ్వలేదు. బాగా తోలుతావని ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం ఇప్పటికీ తల ఎత్తలేను.