స్విచ్ తీసినా వదలని కరెంటు

ఆ రోజు ట్రైలర్ తలుపు పిడి పట్టుకోగానే మోచేతి దాకా జివ్వుమంది. చెయ్యి లాక్కుని, "ఏవండీ, ఇది షాక్ కొడుతోంది" అని కేకేశాను. "నీకు ఇనుము ముట్టుకుంటే చాలు షాకే" అని మా ఆయన నవ్వారు. నాకు ఒళ్లు మండింది. హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని, లేనిది ఉందనే రకం కాదు నేను.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు సంగతి ఇది. మా ఆయన నాచారంలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో సూపర్‌వైజర్. ఇన్నేళ్లూ ఎవరెవరికో బండ్లు కట్టాను, ఒకటి మనకోసం కడతానని పట్టుబట్టి, కారు వెనక తగిలించుకుని వెళ్లే చిన్న ట్రైలర్ తయారు చేశారు. లోపల రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, ఒక ఏసీ. వేసవి సెలవుల్లో సముద్రం ఒడ్డున ఊరూరా ఆగుతూ వెళ్దామన్నది ఆయన సరదా. మేముండే నాచారం అద్దె వాటాలో స్కూటర్ పెట్టడానికే చోటు లేదు. అందుకని దాన్ని ఉప్పల్లో యాదగిరి ఇంటి పక్క ఖాళీ జాగాలో పెట్టాం. యాదగిరి అదే షెడ్డులో వెల్డరు. మా ఆయనను అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. అతని భార్య సుగుణకు నేను అక్కను.

ప్రయాణానికి ముందు అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడాలని, సెలవు రోజుల్లో అక్కడికే వెళ్లి ట్రైలర్‌లో వంట చేసేవాళ్లం. కరెంటు యాదగిరి ఇంటి వరండాలోని పెద్ద సాకెట్ నుంచి. మా ఆయన ఆ విషయంలో చాదస్తుడు. మూడు తీగల మందపాటి కేబులు తెచ్చారు. చుట్టగా ఉంటే వేడెక్కుతుందని మొత్తం విప్పి పరిచారు. ట్రైలర్ లోపల లీకేజీ వస్తే పడిపోయే ట్రిప్పర్ బిగించారు. నాకు జివ్వుమందంటే, నవ్వుతూనే వెళ్లి టెస్టర్ తెచ్చారు. ఈలోగా సుగుణ చెంబెడు కాదు, బకెట్టెడు నీళ్లు తెచ్చి గోడ పక్కనున్న ఎర్త్ గుంతలో పోసింది.

"ఎందుకు సుగుణా, నీళ్లు లేని రోజుల్లో?" అన్నాను.

"ఫ్యాను తిరుగుతలేదక్కా. గుంతల నీళ్లు వోస్తే మస్తు తిరుగుతది" అంది.

ఆ వీధిలో చాలామంది అలా పోయడం చూశాను. ఉప్పల్ అలవాటు కాబోలు అనుకున్నాను. మా ఆయన టెస్టర్ పెడితే వెలగలేదు. ట్రిప్పర్ మీది టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడింది. "చూశావా, లీకేజీ ఉంటే ఇది క్షణం ఆగదు. నిశ్చింతగా ఉండు" అన్నారు. నిశ్చింతగానే ఉన్నాను.

తర్వాతి ఆదివారం ఎండ చంపేస్తోంది. రెండు రోజులుగా నీళ్ల ట్యాంకర్ రాలేదు. మా ఆయన, యాదగిరి వరండాలో కూర్చుని కారు కొక్కెం సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను ట్రైలర్‌లో ఏసీ వేశాను. అది మూలిగింది తప్ప తిరగలేదు. లైటు మసకబారింది. బియ్యం కడిగిన నీళ్లు గుమ్మం ముందు పారబోసి, ఆయనకు చెబుదామని చెప్పులు లేకుండానే ఆ తడిలోకి దిగాను. తలుపు వేయడానికి కుడిచేత్తో పిడి పట్టుకున్నాను.

చెయ్యి బిగుసుకుపోయింది. వదలాలని ఉంది, వేళ్లు నా మాట వినవు. అరుద్దామంటే దవడ పట్టేసింది. అంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది. యాదగిరి ఒక్క ఉరుకు ఉరికి వరండా స్విచ్ కొట్టాడు. "బందైంది అన్నా, బందైంది!" అన్నాడు. బంద్ కాలేదు. కొంచెం తగ్గినట్టయింది కానీ చెయ్యి ఊడలేదు. మా ఆయన నా వైపు పరిగెత్తారు. "ముట్టకు అన్నా! సస్తవ్!" అని సుగుణ ఆయన చొక్కా పట్టి లాగింది. చచ్చిపోతున్నానని నాకు స్పష్టంగా తెలిసింది. యాదగిరి ప్లగ్గును సాకెట్లోంచి ఒక్క గుంజు గుంజాడు. నేను నేల మీద పడ్డాను.

లేచి కూర్చుని మంచినీళ్లు అడిగానట. అరచేతిలో, చూపుడువేలి మొదట్లో తెల్లగా, గట్టిగా ఒక మచ్చ. అరికాలి మీద ఇంకో చిన్నది. నొప్పి కూడా పెద్దగా లేదు. ఇంటికెళ్లి పడుకుంటానన్నాను. మా ఆయన వినలేదు. ఆ ఒక్క మొండితనానికి ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను.

ఆసుపత్రిలో ముందు ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చూసింది. "ఎక్టోపిక్స్ వస్తున్నాయి, గుండె మధ్యమధ్య లయ తప్పుతోంది. ఐసీయూలో మానిటర్ మీద ఉంచాలి. కరెంటు షాక్ తర్వాత బాగానే ఉందని ఇంటికెళ్లినవాళ్లను మళ్లీ మోసుకురావడం చూశాను" అంది. సాయంత్రానికి మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. రక్తపరీక్షలో సీపీకే చాలా ఎక్కువగా ఉందన్నారు. కండరం లోపల కాలి, ఆ చెత్త కిడ్నీల మీద పడుతోందట. సెలైన్లు ధారగా ఎక్కించారు. ప్రతిసారీ మూత్రం సంచిలో రంగు చూడటమే పనైంది మా ఆయనకు.

మర్నాటికి ముంజేయి ఉబ్బి రాయిలా అయింది. వేళ్లు చల్లబడ్డాయి. ప్లాస్టిక్ సర్జన్ వచ్చి, నా చూపుడువేలు కొద్దిగా వెనక్కి వంచగానే కేక పెట్టాను. "కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. లోపలి వాపు రక్తం పారకుండా నొక్కేస్తోంది. ఇప్పుడే ఫేసియోటమీ చెయ్యాలి, చర్మం కోసి తెరవాలి. ఆలస్యమైతే చెయ్యి దక్కదు" అన్నాడు. నేను అడిగింది ఒకటే: "డాక్టరుగారూ, నేను బోర్డు మీద రాయాలి. రాయగలనా?" ఆయన అబద్ధం చెప్పలేదు. "పైకి కనబడేది కొంచెమేనమ్మా. లోపల ఎంత పోయిందో తెరిచాక గానీ తెలీదు" అన్నాడు.

తెరిచారు. చెయ్యి దక్కుతుందన్నారు, చూపుడువేలి సంగతి చూడాలన్నారు. నేను చెయ్యి పైకెత్తి కట్టిన స్టాండుకు వేలాడదీసుకుని పడుకుంటే, నా మంచం పక్కనే కొత్త గొడవ మొదలైంది. యాదగిరి చూడటానికి వచ్చాడు.

"అన్నా, ఏమనుకోకు గని, నీ బండిల్నే ఏదో ఉంది" అన్నాడు.

"అణువణువూ విప్పి చూశాను యాదగిరీ. ఒక్క తీగ కూడా బాడీకి తగల్లేదు. ట్రిప్పర్ కూడా బాగానే ఉంది" అన్నారు మా ఆయన.  "నేను కట్టిన బండే నా పెళ్లాన్ని చంపబోయింది" అని ఆయన రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

"మరి మా ఇంట్ల ఎన్నడూ గిట్ల కాలే. మొన్నటి సంది సుగుణకు ఫ్రిజ్జు ముట్టుకుంటే జర జిల్లుమంటుందంట. గంతే."

కళ్లు మూసుకుని వింటున్నదాన్ని తెరిచాను. నాలోని లెక్కల టీచరు ఇంకా బతికే ఉంది. "యాదగిరీ, నువ్వు స్విచ్ తీశావు కదా. తీశాక కూడా నన్నెందుకు వదల్లేదు?" అన్నాను.

 మా ఆయన ముఖం తెల్లబోయింది. "స్విచ్ తీస్తే ట్రైలర్‌లోకి కరెంటు తెచ్చే ఫేజ్ రాదు. ఇంక బండి ఇనుముకు తగిలి ఉన్నది ఎర్త్ తీగే. అంటే కరెంటు మీ ఇంటి ఎర్త్ లోంచి వచ్చింది" అన్నారు. తర్వాత దాదాపు అరిచారు: "యాదగిరీ, మీ ఇంటి న్యూట్రల్ ఎక్కడిది? కరెంటు తిరిగి పోయే తీగ ఎక్కడ తగిలించారు?"

యాదగిరి తల గోక్కున్నాడు. "గాలిదుమారానికి స్తంభం కాడ న్యూట్రల్ తెగింది అన్నా. లైన్మెన్ ఇయ్యాల రేపు అంటుండు. ఎర్త్ నుంచి న్యూట్రల్ తీసుకున్నం. మా గల్లీల అందరు గట్లనే చేస్తరు..."

"ముందు ఇంటికి ఫోన్ చెయ్! మెయిన్ తియ్యమను. అప్పటిదాకా ఫ్రిజ్జు, మోటారు ఎవరూ ముట్టొద్దను!"

యాదగిరి ఫోన్ తీసి ఇంటికి చేశాడు. రింగు పోతోంది, ఎత్తడం లేదు. నా గుండె మానిటర్ ఎంత కొట్టుకుందో గానీ నర్సు పరిగెత్తుకొచ్చింది. మళ్లీ చేశాడు. "సుగుణా! యాడున్నవే? ఏం ముట్టకు! మెయిన్ బంద్ జెయ్, చెప్పులేసుకుని పో!" అన్నాడు. ఆమె చేశానన్నాక అతను గోడకు ఆనుకుని ఏడ్చాడు.

జరిగిందేమిటో మా ఆయన నాకు నెమ్మదిగా చెప్పారు. ఆ ఇంట్లో వాడిన కరెంటంతా ఎర్త్ గుంత గుండా భూమిలోకి పోతోంది. గుంత తడిగా ఉన్నన్నాళ్లూ ఫ్యాను తిరిగింది, టెస్టర్ వెలగలేదు. ఆ ఆదివారం నీళ్లు లేక గుంత ఎండింది. భూమిలోకి పోలేని కరెంటు ఎర్త్ తీగ పట్టుకుని వెనక్కి వచ్చి ట్రైలర్ ఇనుప ఒంటినిండా నిలబడింది. నేను ఏసీ వేశాక మరీ ఎక్కువైంది. అది ట్రిప్పర్ గుండా రాలేదు కాబట్టి ట్రిప్పర్‌కు తెలియనే లేదు. ఆయన అంత జాగ్రత్తగా బిగించిన మూడో పిన్నే, ఆ ఎర్త్ పిన్నే, దాన్ని నా చేతికి అందించింది.

తర్వాతి నెలలన్నీ చేతి వైద్యానికే పోయాయి. డెబ్రైడ్‌మెంట్ అని, చచ్చిన కండ తీయడానికి మళ్లీ మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లారు. తొడ మీది చర్మం తీసి గ్రాఫ్ట్ వేస్తే, ఇన్ఫెక్షన్ వచ్చి సగం ఊడింది. చూపుడువేలు నల్లబడింది. "ఉంచితే పైకి పాకుతుంది" అన్నాడు సర్జన్. తీసేయమన్నాను. ఆ రోజు మాత్రం ఏడ్చాను, గట్టిగానే. కిడ్నీలు డయాలిసిస్ దాకా పోకుండా తేరుకున్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి గోధుమపిండి ముద్ద ఇచ్చి పిసకమనేది. చపాతీలు మీ ఇంటికి పంపనా అని అడిగేదాన్ని.

ఇప్పుడు రాష్ట్రం కూడా కొత్తది, నా చేతిరాత కూడా కొత్తదే. సుద్దముక్క బొటనవేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకుంటాను. సున్నాలు వంకర పోతాయి. పిల్లలు నవ్వితే ఆ లెక్క వాళ్లచేతే చేయిస్తాను. చలికాలంలో లేని వేలు కూడా నొప్పి పుడుతుంది. ఏ ఇనుప తలుపైనా పట్టుకోబోతే ఒళ్లు ఝల్లుమంటుంది. ట్రైలర్ అమ్మేస్తానని మా ఆయన అంటే నేనే వద్దన్నాను. సముద్రం చూసే వచ్చాం.

నా తోటివాళ్లకు ఒక్కటే చెబుతాను. ట్రైలర్ గానీ, మరే ఇనుప బండి గానీ ఎవరి ఇంటి సాకెట్‌కైనా తగిలించేముందు, ఆ ఇంటి న్యూట్రల్ స్తంభం నుంచే వస్తోందా, ఎర్త్ సరిగ్గా ఉందా అని ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టి చూపించండి. మీ ట్రిప్పర్ మంచిదే కావచ్చు, ఆ ఇంటి తప్పును అది పట్టుకోలేదు. అడగడానికి మొహమాటపడకండి.

మొహమాటం సంగతి నాకు తెలుసు. మొన్న ఘట్‌కేసర్‌లో మా దూరపు బంధువు కొత్త ఇంటి ముందు ట్రైలర్ ఆపి నేను ఇదే అడిగితే, ఆయనకు కోపం వచ్చింది. "లక్షలు పోసి కట్టుకున్న ఇల్లమ్మా. మా ఇంటి మీదే అనుమానమా?" అన్నాడు. నేను వాదించలేదు. కుడిచెయ్యి ఆయన ముందు చాచాను. ఆయన దాన్ని చూశాడు. తర్వాత తల తిప్పి పెరట్లోకి చూశాడు. అక్కడ ఆయన కోడలు తడికాళ్లతో మోటారు దగ్గర బట్టలు ఉతుకుతోంది.

"అమ్మాయ్, అక్కడ నుంచి లేచి ఇటు రా" అన్నాడు. "వారం నుంచి మాకూ ఎర్తే న్యూట్రల్."